స్టవ్ మీద నలభై నిమిషాలు: పెదవాల్తేరు ఫ్లాట్‌లో ఒక తిండి కేసు

నేను విశాఖలో డైటీషియన్‌ని. నా దగ్గరికి వచ్చే స్టూడెంట్లలో చాలామందికి ఏం తినాలో బాగానే తెలుసు. పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు అని వాళ్ళే చెప్పేస్తారు. మరి ఎందుకు తినడం లేదని అడిగితే కాసేపు ఆగి, "రూమ్‌లో కుదరదు మేడమ్" అంటారు. ఆ "కుదరదు" అనే మాటని బద్ధకం కింద జమకట్టి పంపించేస్తే ఆ పిల్లలకి అన్యాయం జరుగుతుంది. ఆ మాట వెనక ఒక వంటగది ఉంటుంది, దాంట్లో నలుగురు మనుషులు ఉంటారు, ఒక ఫ్రిజ్, ఒక గ్యాస్ బండ, నిండిపోయిన సింక్ ఉంటాయి. వాటి సంగతి తేలకుండా డైట్ చార్ట్ రాసిచ్చినా ఉపయోగం ఉండదు. అందుకే ఈ కేసు వివరంగా రాస్తున్నాను. ఆ అమ్మాయి ఒప్పుకున్నాకే రాస్తున్నా, గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను. పేర్ల బదులు ఊళ్ళ పేర్లతో పిలుస్తాను, ఆ ఊళ్ళు కూడా అసలువి కావు.

వచ్చినప్పుడు పరిస్థితి

పార్వతీపురం అమ్మాయి. 22 ఏళ్ళు, ఎం.ఎస్సీ. రెండో సంవత్సరం. జుట్టు బాగా రాలుతోంది, రెండంతస్తులు ఎక్కితే ఆయాసం, ల్యాబ్‌లో ఎక్కువసేపు నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళింది, అది మంచి పని చేసింది. పరీక్షలు చేయిస్తే హిమోగ్లోబిన్ 10.4 వచ్చింది. ఈ వయసు ఆడపిల్లలకి 12 కన్నా తగ్గితే రక్తహీనత అంటాం, 8కీ 11కీ మధ్య ఉంటే మధ్యస్థం. డాక్టర్ పీరియడ్స్ గురించి అడిగారు, థైరాయిడ్ చూశారు, ఐరన్ మాత్రలు రాసి, తిండి సంగతి చూడమని నా దగ్గరికి పంపారు. బరువు 46 కిలోలు, ఎత్తు 158 సెంటీమీటర్లు, అంటే బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 18.4. ఉండాల్సిన దాని అంచుకి కాస్త కింద.

ఇది అరుదైన కేసేమీ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే క్లాసులో పక్క బెంచీ అమ్మాయికీ ఉండొచ్చు, ఆ పిల్లకి తెలియకపోవచ్చు.

నిన్న పొద్దున లేచినప్పటి నుంచి ఏం తిన్నావో చెప్పమన్నాను. మామూలు రోజు, సెలవు రోజు రెండూ అడిగాను, ఎందుకంటే ఒక్క రోజు చూసి ఏమీ తేల్చలేం. పొద్దున టీ, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో అన్నం, సాంబారు, కాస్త పెరుగు. సాయంత్రం బజ్జీలు లేదంటే సమోసా, మళ్ళీ టీ. రాత్రి నూడుల్స్ ప్యాకెట్, లేదంటే అన్నంలో ఆవకాయ, లేదంటే ఫోన్‌లో ఆర్డర్ పెట్టిన ఫ్రైడ్ రైస్. లెక్క వేస్తే ప్రొటీన్ రోజుకి 25 గ్రాముల చుట్టూ తిరుగుతోంది. కిలో బరువుకి 0.83 గ్రాములు అన్న లెక్కన ఈ అమ్మాయికి కనీసం 38 గ్రాములు కావాలి. క్యాలరీలు కూడా తక్కువే, 1300 దాకా. పెద్దగా కదలకుండా కూర్చుని చేసే పనికే 1660 అంటుంది జాతీయ పోషకాహార సంస్థ, ఈ అమ్మాయేమో రోజంతా తిరుగుతుంది. ఇంకో విషయం: ఐరన్ మాత్ర పొద్దున టీతో పాటే వేసుకుంటోంది. టీలో ఉండేవి ఐరన్‌ని ఒంటికి సరిగ్గా పట్టనివ్వవు. ఆ ఒక్కటీ మొదటి రోజే మార్పించాను. మాత్రకీ టీకీ మధ్య కనీసం గంట ఎడం, మాత్రతో నిమ్మకాయ నీళ్ళు. పాలతో కూడా వేసుకోవద్దని చెప్పాను.

వంటగది లెక్క

ఇక్కడి నుంచి నేను తిండి గురించి అడగను. ఫ్రిజ్ ఎవరిది? గ్యాస్ కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంది? అద్దె అగ్రిమెంట్ ఎవరిది? సింక్‌లో గిన్నెలు ఎవరివి ఎక్కువ, చివరికి ఎవరు తోముతారు? ఏ టైమ్‌కి ఎవరు వంటింట్లో ఉంటారు? ఈ ప్రశ్నలకి జవాబులు వస్తే గొడవ ఎక్కడుందో దాదాపు తెలిసిపోతుంది. ఎవరి వస్తువు మీద వంట నడుస్తుందో వాళ్ళ మాటే ఆ ఇంట్లో చెల్లుతుంది. అది న్యాయమా అని ఎంత వాదించుకున్నా చాలా ఫ్లాట్లలో జరిగేది అదే.

పెదవాల్తేరులో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్, నలుగురు అమ్మాయిలు. అగ్రిమెంట్, ఫ్రిజ్, గ్యాస్ బండ అన్నీ రాజమండ్రి అమ్మాయివి. ఆమె వీళ్ళకన్నా నాలుగైదేళ్ళు పెద్ద, ఉద్యోగం చేస్తోంది, పూర్తి శాకాహారి, ఇంట్లోకి గుడ్డు కూడా రానివ్వదు. ఏడు నుంచి ఎనిమిది దాకా వంటగది ఆమెది. భీమవరం అమ్మాయి బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి వెళ్తుంది, తొమ్మిదికి లేస్తుంది, ఎవరి డబ్బాలో ఏముంటే అది తినేస్తుంది, గిన్నెలు సింక్‌లో వదిలేస్తుంది. టెక్కలి అమ్మాయి మన అమ్మాయి క్లాస్‌మేటే, ఇద్దరూ ఒకే గది. ఆమె ఎవరి జోలికీ పోదు, రాత్రి చాలాసార్లు తినకుండానే పడుకుంటుంది. స్టవ్ మీద రెండు బర్నర్లు ఉన్నా ఒకటి సరిగ్గా వెలగదు.

మన అమ్మాయి ఏమీ ప్రయత్నించకుండా ఊరుకోలేదు. వీడియోలు చూసి ఆదివారం కూర్చుని వారానికి సరిపడా కూరలు వండి డబ్బాల్లో పెట్టింది. ఫ్రిజ్‌లో తనకి ఇచ్చింది తలుపుకున్న అర ఒక్కటే, అందులో పట్టినవి రెండే డబ్బాలు, మిగతావి పై అరలో పెడితే రాజమండ్రి అమ్మాయి తీసి బయట పెట్టేసింది. సోమవారం రాత్రికి రాజ్మా డబ్బా ఖాళీ. ఎవరు తిన్నారని వాట్సాప్ గ్రూపులో అడిగితే ఎవరూ జవాబివ్వలేదు, తర్వాత రెండు రోజులు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఈ పిల్ల వండటమే మానేసింది.

వారం వంట ఒకేసారి చేసి పెట్టుకోవడం అనే సలహా మీద నా అభిప్రాయం ఇక్కడ గట్టిగానే చెప్తాను. అది సొంత ఫ్రిజ్ ఉన్నవాళ్ళ పద్ధతి. పంచుకునే వంటింట్లో, అదీ విశాఖ ఉక్కపోతలో, కరెంటు పోతే ఫ్రిజ్ ఎంతసేపు ఆగిందో తెలియని చోట, ఎవరు డబ్బా బయటికి తీసి గంట తర్వాత లోపల పెట్టారో తెలియని చోట, వారం కింద వండిన కూర మీద నమ్మకం పెట్టుకోకూడదు. అన్నం ఇంకా ప్రమాదం. బియ్యంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, అన్నం గది వేడిలో గంటలకొద్దీ ఉంటే పెరిగి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. ఈ అమ్మాయికి ఆ మధ్య పొద్దుటి ఫ్రైడ్ రైస్ రాత్రి తిని వాంతులు, విరేచనాలు అయ్యాయి. హోటల్‌ని తిట్టుకుంది కానీ, ఆ డబ్బా వంటగట్టు మీద పొద్దుటి నుంచి అలాగే ఉందట.

మనుషుల్ని మార్చే పని పెట్టుకోలేదు

"వాళ్ళతో ఎలా మాట్లాడాలో చెప్పండి మేడమ్, వాళ్ళు మారితే అన్నీ సర్దుకుంటాయి" అంది. నేను ఒప్పుకోలేదు. వాళ్ళు మారేదాకా ఈ పిల్ల తిండి ఆగాలా? ఫ్లాట్‌మేట్లు మంచివాళ్ళు కావడం మీద ఆధారపడని తిండి కావాలి. అంటే ఉమ్మడి వంటగది నుంచి తీసుకునేది వీలైనంత తక్కువగా, స్పష్టంగా ఉండాలి. మేమిద్దరం కూర్చుని లెక్కవేస్తే తేలింది ఇది: రోజుకి ఒక్క బర్నర్, పొద్దున ఆరు నుంచి ఆరూ నలభై దాకా. ఫ్రిజ్ వద్దు. ఉమ్మడి గిన్నెలు వద్దు. ఉమ్మడి నూనె, ఉప్పు, కారం కూడా వద్దు.

కొనిపించినవి కొన్నే. మూడు లీటర్ల కుక్కర్, దాంట్లో ఒకదాని మీద ఒకటి పట్టే రెండు గిన్నెలు, పోపు గరిటె, చాకు, వేడి నిలిచే లంచ్ బాక్స్, గదిలో మంచం కింద పట్టే మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టె. వీటితో పాటు ఒక లీటరు చిన్న ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్, పైన ఆవిరి పళ్ళెం ఉన్నది. ఇండక్షన్ స్టవ్ కొంటానంది, వద్దన్నాను. అది 2000 వాట్ల దాకా లాగుతుంది, పాత వైరింగ్ ఉన్న ఇంట్లో గది ప్లగ్గు దాన్ని మోయలేదు, ఓనర్ ఒప్పుకోడు. చిన్న రైస్ కుక్కర్ 400 వాట్లే. రోజుకి అరగంట వాడితే 0.2 యూనిట్, నెలకి 6 యూనిట్లు. ఈ లెక్క కాగితం మీద రాసిచ్చాను, ఎందుకో కింద చెప్తాను. మొత్తం ఖర్చు ఆమె ఫోన్ ఆర్డర్ల మీద నెలకి పెడుతున్న దానికన్నా తక్కువే వచ్చింది.

పొద్దుటి వంట ఎలా సాగుతుందో కాస్త దగ్గరగా చెప్తాను, ఎందుకంటే ఈ కేసంతా దీని మీదే నిలబడింది. రాత్రి పడుకునే ముందు కందిపప్పు చారెడు, 35 గ్రాముల దాకా, కడిగి గదిలోనే నానబెడుతుంది. ఆరింటికి కుక్కర్ అడుగున గ్లాసు నీళ్ళు, కింద గిన్నెలో పప్పు, దాంట్లో తోటకూరో ఆనపకాయ ముక్కలో, ఒక టమాటా, పసుపు, రెండు చుక్కల నూనె. పై గిన్నెలో బియ్యం, నీళ్ళు. నాలుగు విజిల్స్ వచ్చాక స్టవ్ కట్టేస్తుంది. ఆవిరి దిగేలోపు మొహం కడుక్కుని వస్తుంది. పోపు గరిటెలో నూనె, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి, చిటికెడు ఇంగువ. పప్పు మెదిపి ఉప్పు వేసి పోపు పెట్టి, దించాక నిమ్మకాయ పిండుతుంది. ఆకుకూరలో ఐరన్ ఉన్నా ఒంటికి పట్టేది కొంచెమే, నిమ్మరసంలో విటమిన్ సి ఉంటే అది పెరుగుతుంది, వేడి మీద ఉడికిస్తే ఆ విటమిన్ పోతుంది కాబట్టి చివర్లోనే. పొగలు కక్కుతుండగానే బాక్స్‌లో సర్ది మూత బిగిస్తుంది, పన్నెండున్నరకి తింటుంది. దాన్ని రాత్రికి ఉంచొద్దని గట్టిగా చెప్పాను. ఆరున్నరకి కుక్కర్, గరిటె తోమడం, గట్టు తుడవడం, అన్నీ మళ్ళీ గదిలోకి. ఆరూ నలభైకి వంటింట్లో ఆమె వచ్చి వెళ్ళిన ఆనవాలు ఉండకూడదు. సింక్‌లో అప్పటికే ఉన్న ఇంకొకరి గిన్నెలు ముట్టుకోవద్దు, పక్కకి జరిపి తన పని చేసుకోవాలి. ఇతరుల గిన్నెలు ఒక్కసారి తోమితే అది ఆమె డ్యూటీ అయిపోతుంది, తోమలేదని అరిస్తే గొడవ అవుతుంది, రెండూ వద్దు.

రాత్రికి గదిలో రైస్ కుక్కర్. బియ్యం, పెసరపప్పు, మిరియాలు, జీలకర్ర వేసి పులగం. పైన ఆవిరి పళ్ళెంలో బాగా కడిగిన రెండు గుడ్లు. పావుగంటలో గుడ్లు ఉడుకుతాయి, పులగం మరికాసేపటికి అవుతుంది. దాంతో అప్పుడే కొన్న చిన్న పెరుగు ప్యాకెట్, ఆ పూటకే సరిపోతుంది, మిగలదు కాబట్టి ఫ్రిజ్‌తో పని లేదు. విసుగు పుట్టిన రోజు అన్నం ఒకటే వండుకుని కర్రీ పాయింట్ నుంచి పప్పో, కూరగాయ కూరో తెచ్చుకోమన్నాను. కర్రీ పాయింట్లని నేను తీసిపారేయను. పైన తేలిన నూనె వంచేసి తింటే ఒంటరిగా ఉండే స్టూడెంట్‌కి అది నూడుల్స్ కన్నా వెయ్యి రెట్లు మేలు. వేపుళ్ళు మాత్రం వద్దు, అక్కడ కూర కన్నా నూనే ఎక్కువ కొంటాం.

పొద్దున టిఫిన్‌కి స్టవ్ లేదు. పుట్నాలు, వేయించిన వేరుశనగ గుళ్ళు కలిపి గుప్పెడు, ఒక అరటిపండు, లేదంటే పెరుగులో తడిపిన అటుకులు. చోడి (రాగి) అంబలి తాగే అలవాటు ఇంటి దగ్గర ఉందంది. బీచ్ రోడ్డు వైపు పొద్దున్నే వాకింగ్ వాళ్ళ కోసం అంబలి, మొలకలు అమ్మే బళ్ళు ఉంటాయి కదా, వీలైన రోజు అక్కడ తాగమన్నాను. చోళ్ళలో కాల్షియం బాగా ఉంటుంది. వాళ్ళమ్మ గారు ఫోన్ చేసి, బెల్లం తింటే రక్తం పడుతుందంటారు కదా అని అడిగారు. అనకాపల్లి బెల్లం ముక్క పల్లీలతో తింటే తప్పేం లేదండీ, కానీ రక్తం పెరగడానికి దాన్ని నమ్ముకోవద్దు, మాత్రలు మానొద్దు అని చెప్పాను.

ప్రొటీన్ మొత్తం కలిపితే గుడ్ల నుంచి 12 గ్రాములు, కందిపప్పు 8, పల్లీలు పుట్నాలు 7, పెరుగు 6, బియ్యం, పెసరపప్పు నుంచి మిగతాది. 45 దాటింది. ఎక్కడా పౌడర్ డబ్బా లేదు.

కూరగాయలు ఆదివారం పొద్దున ఎంవీపీ కాలనీ రైతు బజార్‌లో. ఫ్రిజ్ లేకుండా నిలిచేవి ముందు: ఆనపకాయ చిన్నది, గుమ్మడి ముక్క, అరటికాయ, చామదుంపలు, దొండకాయలు, నిమ్మకాయలు. ఆకుకూర రెండు రోజులకే, తడి గుడ్డలో చుట్టి. వారం మధ్యలో వీధిలో వచ్చే బండి దగ్గర ఒక కట్ట.

ఆ మాట ఎలా అడిగింది

స్టవ్ టైమ్ అడగాలి, రైస్ కుక్కర్ సంగతి చెప్పాలి, గుడ్ల సంగతి తేలాలి. ఈ మూడింటికీ ఈ పిల్లకి విపరీతమైన టెన్షన్. మేం ముందే మాట్లాడుకున్నాం: వంటింట్లో అడగొద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు, పాత ఫిర్యాదులు ఒక్కటీ ఎత్తొద్దు, రాజ్మా డబ్బా ఊసే రాకూడదు. రాజమండ్రి అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చి టీ తాగి కుదుటపడ్డాక, ఒక్కదానివే వెళ్ళి అడుగు, కావలసింది ముందు చెప్పు, కారణం తర్వాత చెప్పు అన్నాను.

తర్వాత నాకు చెప్పిన దాని ప్రకారం ఇలా జరిగింది.

"అక్కా, పొద్దున ఆరు నుంచి ఆరూ నలభై దాకా స్టవ్ నాకు కావాలి. మీరు ఏడింటికి వచ్చేసరికి గట్టు ఖాళీ చేసి తుడిచి పెడతాను. నాకు రక్తం తక్కువుందని డాక్టర్ చెప్పారు, ఇంట్లో వండుకోవాలి."

"గ్యాస్ తొందరగా అయిపోతోంది ఈ మధ్య."

"నా వాటా పూర్తిగా ఇస్తానక్కా, ఒక్క పూటే వండినా. బండ మార్చిన తేదీ దాని మీద మార్కర్‌తో రాద్దాం, ఎన్నాళ్ళొచ్చిందో అందరికీ తెలుస్తుంది. గదిలో చిన్న కరెంటు కుక్కర్ పెట్టుకుంటాను. నెలకి ఆరు యూనిట్లు అవుతుంది, యాభై రూపాయలు నేను అదనంగా ఇస్తాను."

"దాంట్లో గుడ్లు ఉడకబెడతావా?"

"ఉడకబెడతానక్కా. వంటింట్లోకి తేను. నా గిన్నె, నా గది. పెంకులు కవర్లో కట్టి నేనే కిందికి తీసుకెళ్తాను."

ఆమె వెంటనే సరే అనలేదు. మర్నాడు పొద్దున, "వాసన వస్తే మాత్రం ఊరుకోను" అంది. మన అమ్మాయి దాన్ని ఒప్పుకోవడం కిందే లెక్కేసుకుంది, బాల్కనీ తలుపు తీసి వండటం మొదలుపెట్టింది. నా ఉద్దేశంలో రాజమండ్రి అమ్మాయి తన గిన్నెల్లో, తన స్టవ్ మీద గుడ్డు వద్దనడం ఆమె హక్కు, దాన్ని గౌరవించాలి. ఇంకొకరు తమ గదిలో తమ గిన్నెలో ఏం తినాలో చెప్పే హక్కు మాత్రం ఆమెకి లేదు. ఈ గీత ఎక్కడుందో స్పష్టంగా చెప్పుకుంటే సగం గొడవ తగ్గుతుంది. తప్పు చేస్తున్నట్టు దాచుకుని తింటే, దొరికిన రోజు పెద్ద గొడవవుతుంది.

యాభై రూపాయలు ఎందుకు ఇవ్వాలి, నలుగురం సమానంగా కడుతున్నాం కదా అని టెక్కలి అమ్మాయి అడిగిందట. నిజమే, ఇవ్వక్కర్లేదు. కానీ కరెంటు బిల్లు వచ్చిన ప్రతిసారీ ఆ కుక్కర్ పేరు వినపడకుండా ఉండటానికి యాభై రూపాయలు ఎక్కువ కాదు. లెక్క కాగితం మీద రాసిచ్చింది అందుకే, "బోలెడు కరెంటు కాలుతుంది" అనే మాటకి అక్కడికక్కడే జవాబు ఉంటుంది.

భీమవరం అమ్మాయి విషయంలో మాటలతో ఏమీ తేలలేదు. డబ్బాలు గదిలోకి వెళ్ళిపోయాయి కాబట్టి తినేయడానికి పప్పూ కూరా దొరకలేదు. ఆవకాయ దగ్గర మాత్రం చిక్కొచ్చింది, ఎందుకంటే ఊరి నుంచి పచ్చడి వచ్చిందంటే ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది. దానికి మార్గం ఈ అమ్మాయే ఆలోచించింది. జాడీలోంచి చిన్న సీసాడు తీసి వంటగట్టు మీద పెట్టి, "ఇది అందరికీ" అని చెప్పి, మిగతాది గదిలో పెట్టుకుంది. ఆ సీసా అయిపోతే మళ్ళీ నింపలేదు. నాకు ఇది చాలా నచ్చింది. తర్వాత ఇదే ఇబ్బందితో వచ్చిన పిల్లలకి కూడా చెప్తున్నాను.

మధ్యలో ఏమైంది

మొదటి నెల బాగా నడిచింది. ఇంటర్నల్స్ వచ్చేసరికి రాత్రి రెండింటి దాకా చదివి ఆరింటికి లేవలేకపోయింది, ఏడింటికి స్టవ్ దొరకలేదు, మళ్ళీ క్యాంటీన్ సమోసాల దగ్గరికి వెళ్ళింది. నాకు ఫోన్ చేసి ఏడ్చింది, నా వల్ల కాదు మేడమ్ అని. లేవలేని రోజులు ఉంటాయని ముందే అనుకున్నాం కదమ్మా, పెట్టెలో ఏమున్నాయో చూడు అన్నాను. పెట్టెలో ఎప్పుడూ ఉండాల్సిన సరుకు ముందే రాసుకున్నాం: కందిపొడి, అటుకులు, పల్లీలు, పుట్నాలు, ఖర్జూరాలు. స్టవ్ దొరకని రోజు మధ్యాహ్నం క్యాంటీన్ అన్నమే, దాంట్లో రెండు చెంచాల కందిపొడి, కాస్త నెయ్యి, ఒక పెరుగు కప్పు. రాత్రి పులగం, గుడ్లు ఎలాగూ గదిలోనే అవుతాయి. పరీక్షల వారం అలా గడిచింది. చదువు ఒత్తిడిలో ఉన్న పిల్లకి రోజూ ఒకేలా నడిచే చార్ట్ ఇవ్వకూడదు, బాగోలేని రోజుకి కూడా తిండి రాసివ్వాలి.

ఇంకో ఇబ్బంది నేను ఊహించని చోట నుంచి వచ్చింది. ఆరింటికి కుక్కర్ విజిల్‌కి నిద్ర పాడవుతోందని భీమవరం అమ్మాయి గొడవ పెట్టింది. ఆమె గది వంటింటికి ఆనుకునే ఉంది, అది నిజమే. పప్పు రాత్రే నానబెడుతోంది కాబట్టి రెండు విజిల్స్ తర్వాత సన్నటి సెగ మీద ఐదారు నిమిషాలు ఉంచి కట్టేయమన్నాను, వంటింటి తలుపు దగ్గరగా వేసుకోమన్నాను. పప్పు అలాగే మెత్తగా ఉడికింది. విజిల్స్ లెక్క తగ్గింది, గొడవా తగ్గింది.

టెక్కలి అమ్మాయి సంగతి చెప్పాలి. రెండో నెలలో ఒక రాత్రి పులగం వాసనకి లేచి కూర్చుని, "నాకూ కాస్త పెడతావా" అని అడిగిందట. అప్పటి నుంచి బియ్యం, పప్పు ఆమెవి, గుడ్లు ఈమెవి, గిన్నె తోమే పని రోజు మార్చి రోజు. లీటరు కుక్కర్‌లో ఇద్దరికి సరిగ్గా సరిపోతుంది. ఒక్కరి కోసం వండుకోవడం కన్నా ఇద్దరి కోసం వండటం ఎక్కువ రోజులు నిలుస్తుందని నా అనుభవం. అయితే దాన్ని ముందే ప్లాన్‌లో పెట్టకూడదు, ఆ రెండో మనిషి రాకపోయినా తిండి నడవాలి.

నాలుగు నెలల తర్వాత

మూడు నెలలకి చేయించిన పరీక్షలో హిమోగ్లోబిన్ 11.8. దాంట్లో ఎక్కువ వాటా డాక్టర్ రాసిన మాత్రలదే, అవి టీ నుంచి తప్పించి సరిగ్గా వేసుకోవడందే. పప్పు, గుడ్డు తిన్నందుకే ఇదంతా వచ్చిందని నేను చెప్పను. కానీ మాత్రలు ఆపాక మళ్ళీ కిందికి జారకుండా ఉండాలంటే ఈ తిండి కావాలి. నాలుగో నెలకి బరువు 48 దాటింది. మెట్ల దగ్గర ఆయాసం తగ్గింది. జుట్టు ఇంకా రాలుతోంది, దానికి నెలలు పడుతుంది, ఓపిక పట్టమన్నాను. బయటి ఆర్డర్లు నెలకి రెండు మూడుకి దిగాయి, అవి కూడా నలుగురూ కలిసి తెప్పించుకున్నవే.

ఫ్లాట్‌లో పెద్దగా ఎవరూ మారలేదు. ఫ్రిజ్ పై అర ఇప్పటికీ రాజమండ్రి అమ్మాయిదే, సింక్‌లో గిన్నెలు ఇప్పటికీ భీమవరం అమ్మాయివే. రెండో బర్నర్ ఇంకా బాగుచేయించలేదు. గ్యాస్ బండ మీద తేదీ రాయడం మాత్రం నిలిచింది, కిందటిసారి రాజమండ్రి అమ్మాయే రాసిందట.

ఇంకా తేలాల్సినవి ఉన్నాయి. మాత్రలు ఎప్పుడు ఆపాలో డాక్టర్ చెప్పాలి, ఐరన్ నిల్వలు చూసే ఫెర్రిటిన్ పరీక్ష కూడా రాశారు, రిపోర్టు రావాలి. ఈ అమ్మాయి చేపలు తింటుంది, ఇంట్లో వండే వీల్లేదు కాబట్టి వారానికి ఒకసారి మెస్‌లో చేపల పులుసు తినమన్నాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది, అప్పుడు సముద్రం చేప సరిగ్గా దొరక్కపోతే చెరువు చేప చూసుకోవాలి. సాయంత్రం టీతో బిస్కెట్లు ఇంకా మానలేదు. ప్రాజెక్టు మొదలైతే ల్యాబ్‌కి పొద్దున్నే వెళ్ళాల్సి వస్తుందట. అప్పుడు స్టవ్ టైమ్ ఐదున్నరకి జరపాలా, లేక మధ్యాహ్నం బాక్స్ కూడా గదిలో రైస్ కుక్కర్‌లోనే చేసుకోవాలా అన్నది వచ్చే విజిట్‌లో కూర్చుని చూస్తాం. టెక్కలి అమ్మాయిని కూడా తీసుకొస్తానంది. ముందు ఆ పిల్లకి కూడా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించమన్నాను.